గొల్లం, బలి చక్రవర్తి, మా అమ్మ

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఏ ఉగాది ఫంక్షన్‌కి వెళ్ళినా ఒక ఐటమ్ తప్పకుండా ఉంటుంది. పట్టుపంచె జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఎనిమిదేళ్ళ కుర్రాడు మైకు ముందుకొస్తాడు. "అల వైకుంఠపురంబులో నగరిలో" అని ఎత్తుకుని, "గుయ్యాలించి సంరంభియై" దాకా ఒక్క గుక్కలో పరిగెత్తించేస్తాడు. చప్పట్లు, ఫోటోలు, పులిహోర. మావాడూ చెప్పాడు. నాలుక తిరగడానికి పోతనను మించిన మందు లేదు కాబట్టి నాకేం అభ్యంతరం లేదు. కానీ కార్లో ఇంటికొస్తూ వాడు ఏనుగు ఊసే ఎత్తలేదు. దారి పొడుగునా తను చదువుతున్న ఇంగ్లీషు కథల పుస్తకంలో, చీకటి గుహలో కూర్చున్న గొల్లం గురించే.

గొల్లం కథ వాడి చేత ఎవరూ బట్టీ పట్టించలేదు. పద్యమేమో నెలరోజులు పట్టించాం. ఒకటి మనసులో కూర్చుని రెండోది నాలుక మీదే ఎందుకు ఆగిపోయిందన్నది నన్ను చాలాకాలం తొలిచింది. వాడికి తెలుగు తక్కువ, ఇంగ్లీషు ఎక్కువ అని తేల్చేయొచ్చు. కానీ అదొక్కటే అయితే ఇంగ్లీషులో చదివినవన్నీ గుర్తుండాలిగా! స్కూల్లో చెప్పిన సగం కవితలు వాడికి మర్నాటికే గుర్తుండవు.

టోల్కీన్ 'ది హాబిట్' 1937లో వచ్చింది. అందులో ఐదో అధ్యాయం ఇది. బిల్బో అనే పొట్టివాడు కొండ కింద సొరంగాల్లో దారి తప్పుతాడు. అక్కడొక మడుగు దగ్గర పచ్చి చేపలు తింటూ ఎన్నో ఏళ్ళుగా ఒంటరిగా బతుకుతున్న గొల్లం ఎదురవుతాడు. ఇద్దరూ పొడుపుకథల పందెం వేసుకుంటారు. బిల్బో ఓడితే గొల్లానికి ఆహారమైపోతాడు, గెలిస్తే గొల్లం దారి చూపించాలి. చివర్లో బిల్బోకి ఏమీ తోచక, జేబులో చెయ్యి పెట్టుకుని "నా జేబులో ఏముంది?" అని తనలో తను అనుకున్నట్టుగా పైకే అనేస్తాడు. దాన్నే పొడుపుకథ కింద చలామణీ చేసి గెలుస్తాడు. జేబులో ఉన్నది గొల్లం పోగొట్టుకున్న ఉంగరం. అది పెట్టుకుంటే మనిషి కనపడడు.

అసలు ఘట్టం దాని తరవాత. బయటికి పోయే సన్నటి దారికి అడ్డంగా గొల్లం కూర్చుని ఉంటాడు. బిల్బో వాడి వెనకే ఉన్నాడు, కనపడడు, చేతిలో కత్తి ఉంది. ఒక్క పోటు చాలు. కత్తెత్తబోయి ఆగిపోతాడు. వీడి చేతిలో ఆయుధం లేదే అనుకుంటాడు. వెలుగన్నది లేని, లెక్కన్నది లేని వాడి రోజులు, ఆ చల్లటి రాళ్ళు, ఆ చేపలు, తనలో తను గొణుక్కునే ఆ బతుకు, అన్నీ రెప్పపాటులో కళ్ళముందు మెదులుతాయి. ఒళ్ళు జలదరిస్తుంది. అంతే, ఆ చీకట్లోనే గొల్లం తలమీదుగా ఎగిరి దూకేస్తాడు. ఏడడుగుల ముందుకి, మూడడుగుల ఎత్తుకి. పైనున్న రాతికి బుర్ర తగిలి పగలడం కొద్దిలో తప్పుతుంది. ఈ ఏడు, మూడు లెక్క మావాడికి ఎంత నచ్చిందంటే, హాల్లో టేపు పెట్టి కొలిచి, సోఫా కుషన్లు పేర్చుకుని దూకి చూశాడు.

ఆ రోజుల్లో మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. రెడింగ్‌లో చలికి బయటికి కదిలేది కాదు. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు ఉండనిస్తారు గానీ, అందులో నాలుగు నెలలు రేడియేటర్ పక్కనే గడిచిపోతాయి. రాత్రిళ్ళు మనవడు తను చదివింది తన తెలుగులో చెప్పేవాడు, ఆవిడ వినేది. గొల్లం పేరు ఆవిడ నోట మొదటిరోజే గొళ్ళెం అయిపోయింది. "ఏరా, మీ గొళ్ళెం ఇవాళేం చేశాడు?" అని అడిగితే వీడు పొర్లి పొర్లి నవ్వేవాడు.

దూకుడు ఘట్టం వచ్చిన రాత్రి నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను.

"వాడు ఇన్విజిబుల్ కదా అమ్మమ్మా. కత్తి కూడా ఉంది."

"మరి పొడిచెయ్యొచ్చుగా?"

"పొడవలేదు. పాపం అనిపించింది."

"పాపం అని వదిలేస్తే, వాడు మళ్ళీ వెంటబడడూ?"

"పడతాడు. నెక్స్ట్ బుక్‌లో."

"చెప్పానా!" అంది అమ్మ. కాసేపాగి, "అయినా పొడవకపోవడమే మంచిదైందిలే" అంది.

ఈ ఘట్టం గురించి వాళ్ళిద్దరికీ తెలియని సంగతి ఒకటి నేను చెప్పాను. 1937లో అచ్చయిన పుస్తకంలో ఈ దూకుడే లేదు. అందులో పందెం గెలిస్తే ఉంగరాన్ని బహుమతిగా ఇస్తానని గొల్లమే ఒప్పుకుంటాడు. ఉంగరం దొరక్కపోయేసరికి క్షమాపణలు చెప్పుకుని, దానికి బదులు దారి చూపించి మర్యాదగా సాగనంపుతాడు. తరవాత టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాస్తుంటే ఆ ఉంగరం అంత తేలిగ్గా ఇచ్చేసే వస్తువు కాకుండా పోయింది. దాంతో ఐదో అధ్యాయాన్ని తిరగరాశాడు, 1951 ముద్రణ నుంచి కొత్త కథే నడుస్తోంది. పైగా ఎంత గడుసువాడో చూడండి. పాత కథ ఏమైందయ్యా అంటే, అది బిల్బో తన స్నేహితులకి చెప్పిన అబద్ధం అని పెద్ద పుస్తకం ముందుమాటలో సర్దేశాడు. మావాడు నోరు తెరిచాడు. "అచ్చయ్యాక కూడా మార్చొచ్చా?"

అమ్మకి ఇందులో ఆశ్చర్యమేమీ కనపడలేదు. పోతన చెయ్యలేదా అంది. నిజమే. సంస్కృత భాగవతంలో విష్ణువు చక్రం పట్టుకుని గరుత్మంతుడి మీద బయల్దేరతాడు. "సిరికిం జెప్పడు" అని, శంఖచక్రాలు తీసుకోకుండా, గరుడుణ్ణి పిలవకుండా, లక్ష్మీదేవి కొంగు చేతిలో ఉందన్న ధ్యాస కూడా లేకుండా పరిగెత్తించింది పోతనే. బమ్మెర ఊళ్ళో కూర్చుని వ్యాసుడి కథని ఆ మాత్రం తిరగరాసుకునే ధైర్యం ఆయనకుంది. ఒంటిమిట్టవాళ్ళు ఆయన మావాడంటారు, ఆ తగువులోకి నేను వెళ్ళను.

అమ్మ ఆ మర్నాడే గజేంద్రమోక్షం మొదటినుంచీ ఎత్తుకుంది. ఎనిమిదో స్కంధం, మడుగులో దిగిన ఏనుగు, కాలు పట్టుకున్న మొసలి. ఏళ్ళ తరబడి పెనుగులాట. నీళ్ళలో ఉండేకొద్దీ మొసలికి బలం పెరుగుతుంది, ఏనుగుకి తరుగుతుంది. అప్పుడు ఏనుగు దేవుణ్ణి పిలుస్తుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. మా పిల్లల తెలుగు క్లాసులో కూడా ఇక్కడిదాకా చెప్పి, వెంటనే వైకుంఠంలోకి దూకేశారు. మధ్యలో ఉన్న ఈ పద్యం మాత్రం వదిలేశారు.

కలడందురు దీనులయెడఁ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్నిదిశలను
గలడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో

ఉన్నాడంటారు, ఉన్నాడంటారు, ఉన్నాడంటారు. ఆ ఉన్నాడు ఉన్నాడనేవాడు అసలున్నాడా? అమ్మ చివరి పాదం చదివి ఆగింది. మావాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. "దేవుడున్నాడో లేడో అని దేవుడికే కంప్లైంట్ చేసిందా?" కాలు మొసలి నోట్లో ఉన్నప్పుడు ఇంకెవరికి చెప్పుకుంటుందిరా అంది అమ్మ.

నాకు అప్పుడు అర్థమైంది వాడికి ఏది పట్టిందో. గుహలో బిల్బో, మడుగులో గజేంద్రుడు, ఇద్దరూ ఒక్క క్షణం తటపటాయించారు. ఒకడు పొడవనా వద్దా అని, ఒకడు ఉన్నాడా లేడా అని. పిల్లలకి కథలో కావలసింది ఆ క్షణమే. మనమేమో సముద్రాలు దాటొచ్చాక సంస్కృతి జారిపోతుందన్న భయం కొద్దీ, తటపటాయింపులన్నీ తీసేసి, స్తుతి, ఫలశ్రుతి మాత్రం వాళ్ళ చేతిలో పెడుతున్నాం. పోతన అలా పెట్టలేదు. ఆయన అనుమానాన్ని కందపద్యంలో పొదిగి మరీ పెట్టాడు. ఇంగ్లీషు పుస్తకాలు మన పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని వాపోయేవాళ్ళు ముందు మనం వాళ్ళకి ఏ ముక్క వినిపిస్తున్నామో చూసుకుంటే బాగుంటుంది.

మా పెద్దమ్మాయిది వేరే లోకం. తనకి ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ' పుస్తకాలు ప్రాణం. మొదటిది 1968లో వచ్చింది. అందులో గెద్ అనే కుర్ర మాంత్రికుడు గర్వానికి పోయి ఒక నీడను లోకంలోకి వదులుతాడు, ఇక అది వాణ్ణి తరుముతూనే ఉంటుంది. పరిగెత్తి పరిగెత్తి గురువు దగ్గరికొస్తే, పారిపోవడం మాని వెనక్కి తిరుగు, నిన్ను వేటాడేదాన్ని నువ్వే వేటాడు అంటాడు ఆయన. మా అమ్మాయికి ఆ పేజీ దగ్గర బుక్‌మార్క్ ఎప్పుడూ ఉంటుంది. ఇంకొకటి, గెద్ తెల్లవాడు కాదు, ఎర్రమట్టి చాయ. రచయిత్రి దాన్నొక విశేషంలా చాటకుండా మాటల మధ్యలో చెప్పి ఊరుకుంది. 2004లో టీవీ సిరీస్ తీసినవాళ్ళు ఆ పాత్రకి తెల్ల కుర్రాణ్ణి పెడితే మాత్రం ఊరుకోలేదు, బాహాటంగానే దులిపేసింది. స్కూల్లో తన పేరు సరిగ్గా పలికేవాళ్ళు కరువైన ఏడాది మా అమ్మాయి ఆ పుస్తకం చదివింది. అంతకంటే తను నాకేం చెప్పలేదు, నేనూ తవ్వలేదు.

అమ్మ తిరుగు ప్రయాణానికి వారం ముందు వామన చరిత్ర మొదలైంది. వంటింట్లో. అదీ ఎనిమిదో స్కంధమే. శుక్రాచార్యుడు బలికి పచ్చిగా చెప్పేస్తాడు. ఈ పొట్టి బ్రహ్మచారి విష్ణువు, మూడడుగులని మూడు లోకాలూ లాక్కుంటాడు, నీ కులం, రాజ్యం నిలబెట్టుకో, ఇవ్వకు, అని. ఇక్కడ మావాడి లెక్క ప్రకారం బలి తప్పించుకోవాలి.

అమ్మ సింకు దగ్గర స్టీలు చెంబు నిండా నీళ్ళు పట్టింది. "చెయ్యి పట్టు" అంది. వాడు దోసిలి పట్టాడు. "ఇప్పుడు నువ్వు వామనుడివి, నేను బలిని. ఎవరి చెయ్యి పైనుంది?"

"నీది."

"అదే అన్నాడు ఆయన. లక్ష్మీదేవి కొప్పు సవరించిన చెయ్యి కింద, నా చెయ్యి పైన. ఇంతకంటే ఏం కావాలి, రాజ్యము గీజ్యమున్ సతతమే అన్నాడు." ఆ పద్యం మధ్యలో రెండు మాటలు పిల్లల ముందు మింగేసింది, పెద్దవాళ్ళకి తెలుసు ఎందుకో. చెంబు వంచింది. సన్నటి ధార వాడి దోసిట్లో నిండి, మణికట్టు మీదుగా స్వెటర్ చేతుల్లోకి పారింది. వాడు కదలకుండా నిలబడ్డాడు.

"విష్ణువని తెలిసే ఇచ్చాడా?"

"తెలిసే."

"అంటే విష్ణువు చీటింగ్ చేశాడు కదా. చిన్నగా వచ్చి పెద్దగా అయ్యాడు."

నేను గ్యాస్ కట్టేసి చూస్తున్నాను, ఈవిడ ఇప్పుడు ఏ తత్త్వం చెప్తుందా అని. "అవునురా, మోసమే" అంది అమ్మ, చెంబు బోర్లిస్తూ. వాడి మొహం వెలిగిపోయింది. బిల్బో కూడా మోసమే చేశాడని, జేబులో ఏముందన్నది పొడుపుకథే కాదని అప్పుడు వాడు చెప్పాడు. గెలిచినవాళ్ళు ఇద్దరూ మోసం చేసే గెలిచారన్నమాట అనుకున్నారు ఇద్దరూ. బలి ఎవరనుకున్నావు, ప్రహ్లాదుడి మనవడు అని అమ్మ చెప్పేసరికి, స్తంభంలోంచి దేవుడొచ్చి కాపాడిన పిల్లాడి మనవణ్ణే ఆ దేవుడు తొక్కేశాడా అని మళ్ళీ రగడ. ఆ రాత్రి అన్నం తినేసరికి పది దాటింది.

మధ్యలో ఒక శనివారం రైల్లో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాం. ఊరికి ఉత్తరాన వుల్వర్‌కోట్ శ్మశానంలో టోల్కీన్ దంపతుల సమాధి ఉంది. ఆయన పేరు కింద బెరెన్, ఆవిడ పేరు కింద లూథియెన్ అని ఆయన రాసుకున్న ప్రేమకథలోని పేర్లే చెక్కించుకున్నారు. చూడాల్సింది అంతే. అమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి రాబోయింది, గడ్డి తడిగా ఉందని బతిమాలి తొడిగించాం.

అమ్మ వెళ్ళాక ఇప్పుడు కథలన్నీ ఫోన్లోనే. ఇక్కడి ఆదివారం పొద్దున, అక్కడ భోజనాలైపోయాక. వాడు పెద్ద పుస్తకం చివరికొచ్చాడు. ఆనాడు బిల్బో పొడవకుండా వదిలిన గొల్లం వల్లే చివరికి పని జరుగుతుంది, అది చెప్పాలని వాడి ఆత్రం. కానీ ముందు సంగతి చెప్పకుండా అక్కడికి ఎలా వెళ్తాడు? మూడు సంపుటాల దూరం నడిచి, తిండి మాని, ఒళ్ళు హూనం చేసుకుని బిల్బో వారసుడు ఫ్రోడో ఆ ఉంగరాన్ని నాశనం చెయ్యడానికి అగ్నిపర్వతం దాకా తెచ్చాడు. తీరా లావా అంచున నిలబడ్డాక, వెయ్యను, ఇది నాది అంటాడు. ఆ వాక్యం చెప్పి మావాడు అమ్మమ్మ ఉలిక్కిపడుతుందని స్క్రీన్‌లోకి తొంగి చూశాడు.

"వెయ్యడని నేను ముందే అనుకున్నాన్రా" అంది అమ్మ, వక్కపలుకు నోట్లో వేసుకుంటూ. "బంగారం కదూ. ఎవడు పారేస్తాడు?"

"అమ్మమ్మా, అది ఈవిల్ రింగ్!"

"ఎన్ని కాసులుంటుందంటావ్?"