చెంగట నల్లదివో

అన్నమయ్య (1408–1503) రాసిన 'అదివో అల్లదివో' మా తిరుపతిలో చిన్న పిల్లలకు కూడా నోటికి వచ్చు. అంతగా వచ్చేసింది కాబట్టే పాడేటప్పుడు మాటల దగ్గర ఎవరూ ఆగరు. ఒక్కసారి రాగం పక్కన పెట్టి, నిదానంగా చదివి చూడండి. రెండో చరణం దగ్గర ఆగిపోతాం.

"చెంగట నల్లదివో శేషాచలము
నింగినున్న దేవతల నిజవాసము"

ముందు 'నల్లది' కంటపడుతుంది. కొండ నల్లగా ఉందన్నారా అని పిల్లలు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. పల్లవిలోకి వెళ్తే చిక్కు వీడుతుంది. అక్కడున్న 'అల్లదివో'యే ఇది, అల్లంత దూరాన అదిగో అని. 'చెంగటన్'లోని నకారం వచ్చి దానికి అతుక్కుంది, అంతే.

ఇక చెంగట. నిఘంటువు తర్వాత చూద్దాం, ముందు పక్క పాదాలను అడుగుదాం. చెంగట, నింగి, ముంగిట, బంగారు... నాలుగు పాదాలకూ ప్రాస కుదిరింది. ముంగిట అంటే తెలుసు, రోజూ ముగ్గు వేసే చోటు. 'ముంగిట నల్లదివో' అన్నట్టే 'చెంగట నల్లదివో' అన్నారు కాబట్టి ఇదీ ఒక చోటును చెప్పే మాటే. వెంటనే నింగి వచ్చింది. నింగిలో ఉండే దేవతల అసలు ఇల్లు చెంగట ఉందట. అంటే దగ్గర! నిఘంటువు కూడా సమీపం అనే చెబుతుంది.

మరి దగ్గర అంటూనే అల్లంత దూరాన అనడమేమిటి? తిరుపతిలో ఉండేవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. వీధిలోకి వచ్చి తల ఎత్తితే కొండ పక్కనే ఉంటుంది. అలిపిరి నుంచి ఎక్కడం మొదలుపెడితే 3,550 మెట్లు. రెండూ నిజమే. స్వామి సంగతీ అంతే అనిపిస్తుంది నాకు. ఎప్పుడూ పక్కనే ఉంటాడు, చేరాలంటే మాత్రం నడవాలి.

మూడో చరణంలోని 'వేంకటనగము' అంత కష్టపెట్టదు. నగ అనగానే మనకు బంగారం గుర్తొస్తుంది కానీ, ఇక్కడ నగము అంటే కదలనిది, కొండ.

నన్ను ఎక్కువసేపు పట్టుకున్నది మాత్రం కొత్త మాట ఒక్కటీ లేని పాదం: "ముంగిట నల్లదివో మూలనున్న ధనము". ధనాన్ని ఎవరైనా ఇంటి మూల, ఎవరి కంటా పడకుండా దాస్తారు. అలాంటి ధనాన్ని స్వామి ముంగిట్లో పెట్టి, తలుపు కూడా వేయకుండా, వచ్చిన వాళ్లందరినీ చూసుకోమంటున్నాడు.