వల పూడుకుపోయిన పొద్దు

వల పైకొచ్చేసరికి మెష్ అంతా పచ్చటి జిగురు. "బాగా పడింది సార్!" అని పడవ మీద విద్యార్థుల సంబరం. పడటమేంటి, వల పూడుకుపోయింది.

200 మైక్రాన్ల (0.2 మి.మీ.) కన్నాలున్న వల జంతు ప్లాంక్టన్ కోసం, అంటే నీళ్లలో కొట్టుకుపోయే చిన్న జీవుల కోసం. ఆల్గే (నాచు) విరగబూసిన నీళ్లలో ఎక్కువసేపు లాగితే కన్నాలు మూసుకుపోయి, నీళ్లు లోపలికి పోకుండా మూతి దగ్గరే పక్కకి తప్పుకుంటాయి. 50 సెం.మీ. వ్యాసం మూతితో 100 మీటర్లు లాగితే కాగితం మీద దాదాపు 20 ఘనపు మీటర్ల నీళ్లు. నిజంగా ఎంత వెళ్లిందో చెప్పేది మూతిలో కట్టిన ఫ్లోమీటరే (నీటి ప్రవాహాన్ని కొలిచే పరికరం). దించే ముందు ఒక రీడింగ్, తీశాక ఒకటి. మొదటిది రాసుకోకపోతే ఆ శాంపిల్ మైక్రోస్కోప్ కింద చూసి ముచ్చటపడటానికే, సాంద్రత (ఘనపు మీటరు నీళ్లకి ఎన్ని జీవులు) లెక్కకి పనికిరాదు.

వల కడిగేది బయటి వైపు నుంచే, పైనుంచి కిందికి. లోపల పోస్తే ఆ నీళ్లలోని జీవులు కూడా లెక్కలో చేరిపోతాయి.

శాంపిల్ కుళ్లకుండా నిల్వకి 5 శాతం ఫార్మాలిన్, అందులో ఆమ్లాన్ని తగ్గించే బోరాక్స్ పొడి తప్పనిసరి. లేకపోతే ఫార్మాలిన్‌లోని ఆమ్లం సున్నపు పెంకుల్ని కరిగించేస్తుంది. ఆల్చిప్పల లార్వాలు మొదట పోయేవి, అందరూ అడిగేదీ వాటినే!

వల మళ్లీ పూడుకుపోకుండా మధ్యాహ్నం సగం దూరం లాగితే చాలు. పడవ వేగం 2 నాట్లు (గంటకి దాదాపు 3.7 కి.మీ.) దాటొద్దు.