పిలవని పేరంటానికి వెళ్లిన తల్లి

అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో పన్నెండో పేరు మన గోదావరి సీమది: ‘మాణిక్యా దక్షవాటికే’. లంకలోని శాంకరీదేవితో మొదలుపెట్టి కంచి కామాక్షినీ, అలంపురం జోగులాంబనీ, శ్రీశైలం భ్రమరాంబనీ తలుచుకుంటూ, పిఠాపురం పురుహూతిక దాటాక ద్రాక్షారామం చేరతాం. దక్షుడు యజ్ఞం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. అంటే అమ్మవారు సతీదేవిగా అవమానపడ్డ పుట్టిల్లు. అక్కడే ఆవిడ మాణిక్యాంబగా పూజలందుకుంటోంది. ఈ సంగతి తలుచుకుంటే స్తోత్రం చదువుతూ ఆ మాట దగ్గర నాకు గొంతు ఆగుతుంది.

కథ తెలిసిందే. తను వస్తే శివుడు లేచి నిలబడలేదని దక్షుడికి కోపం. యజ్ఞానికి అందరినీ పిలిచి కూతుర్నీ అల్లుణ్ణీ వదిలేశాడు. శివుడు వద్దన్నా సతీదేవి బయల్దేరింది. పిలవని పేరంటానికి వెళ్లకూడదని తేలిగ్గా అనేస్తాం గానీ, పుట్టింట్లో శుభకార్యమని తెలిశాక ఆడపిల్లకి కాళ్లు నిలుస్తాయా?

భాగవతం నాలుగో స్కంధంలో ఈ ఘట్టం నిదానంగా చదవాలి. సతి యజ్ఞశాలలో అడుగుపెడితే దక్షుడికి భయపడి ఎవరూ పలకరించరు. తల్లీ అక్కచెల్లెళ్లూ మాత్రం కన్నీళ్లతో కావలించుకుంటారు. కూర్చోమంటారు, కానుకలు ఇవ్వబోతారు. తండ్రి ఆదరించని ఇంట్లో ఆవిడ అవేవీ అందుకోదు. తర్వాత యజ్ఞం మీదికి శివుడు పంపిన వీరభద్రుడి ఉగ్రరూపం గురించీ దక్షుడికి పెట్టిన మేక తల గురించీ ఎంతో చెప్పుకుంటాం. ఆవిడ ముట్టుకోకుండా వదిలేసిన ఆ పుట్టింటి కానుకల్ని ఎవరూ పట్టించుకోరు. నాకైతే కథలో ప్రాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

తర్వాత ఆ తల్లి యోగాగ్నిలో దేహం విడిచింది. ఆ దేహభాగాలు పడ్డ చోట్లే శక్తిపీఠాలయ్యాయనీ, ఎడమ చెక్కిలి ఇక్కడ పడిందనీ పెద్దలు చెబుతారు.

ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి కాబట్టి కార్తీకంలో బస్సుల నిండా జనం వస్తారు. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. కింద పాదభాగం చూసి, మెట్లెక్కి పైన శిరోభాగం దర్శించుకోవాలి. గుడి నిండా చాళుక్యుల, చోళుల నాటి శాసనాలు. ఏడుగురు ఋషులు తెచ్చిన జలమని చెప్పే సప్తగోదావరి పుష్కరిణి. ఇవన్నీ చూసేసరికి టైమ్ అయిపోయిందని, అమ్మవారి దగ్గర ఒక్క దండం పెట్టి పరుగెత్తేవాళ్లు చాలామంది. దయచేసి అలా చేయకండి. కాశీ వదిలి రావాల్సి వచ్చిన వ్యాసుడు ఈ క్షేత్రానికే చేరాడని శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో వర్ణించాడు. పుట్టింట ఆదరణ దొరకని తల్లి ఉన్న చోటే, గడప దాటించబడ్డవాడికి ఆశ్రయం దొరికింది.

మా వైపు ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు పసుపు కుంకుమ, చీర, చలిమిడి పెట్టి ఒడి నింపుతారు. పుట్టింటి చలిమిడి కడుపుచలవ అంటారు. అమ్మవారికి పసుపు కుంకుమలు, రవికెల గుడ్డ, గాజులు పట్టుకెళ్లడం కూడా ఆ వరుసలోదే అని నా నమ్మకం. మనం కోరికలు చెప్పుకోవడానికి వెళుతున్నాం అనుకుంటాం. ఆ రోజు తండ్రి ఆదరంతో ఇవ్వాల్సినదాన్ని, ఆవిడ తీసుకోలేకపోయినదాన్ని, ఇన్ని వందల ఏళ్లుగా ఊరి ఆడవాళ్లు తెచ్చి ఇస్తున్నారు. కుంకుమపూజలో కూర్చున్నప్పుడు ఈ ఒక్క సంగతీ మనసులో పెట్టుకుంటే చాలు, నామాలు వాటంతటవే నెమ్మదిస్తాయి.

ఈ కథకి కొనసాగింపు కోనసీమలో ఉంది. యజ్ఞం ధ్వంసం చేసినా వీరభద్రుడి కోపం చల్లారలేదట. గౌతమీ తీరాన మునులు వేడుకుంటే అమ్మవారు భద్రకాళిగా, సుందరమైన కన్యగా ఎదురొచ్చింది. ఆవిణ్ణి చూడగానే ఆయన శాంతించాడు. మునులే ఇద్దరికీ పెళ్లి చేశారు. మురమళ్ల వీరేశ్వరస్వామి గుళ్లో అందుకే నిత్యకల్యాణం. పెళ్లి సంబంధాలు కుదరక టెన్షన్ పడే కుటుంబాలు ముందుగా పేరు రాయించుకుని అక్కడ కల్యాణం చేయిస్తారు.

ద్రాక్షారామంలో తీరిగ్గా పూజ చేయించుకుని, యానాం మీదుగా ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటితే మురమళ్ల ఎంతో దూరం కాదు. కల్యాణం రాత్రిపూట కాబట్టి ఒకే రోజులో రెండూ అందుతాయి. వీలైతే ఆ వరుసలోనే వెళ్లండి.