ముందు వరస పాప

సమీక్ష రాద్దామని కూర్చుంటే సినిమా గుర్తు రావట్లేదు. మా ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషే గుర్తొస్తున్నాడు.

సెకండ్ షో. 'ఎ' సర్టిఫికెట్ దెయ్యాల సినిమా. ఆయన ఒళ్ళో పాప, మహా అయితే ఐదేళ్ళు ఉంటాయేమో. తెర మీద తలుపు కిర్రుమన్నప్పుడల్లా అది నాన్న చొక్కాలో మొహం దాచుకుంటోంది. ఆయనేమో "ఏం కాదమ్మా, బొమ్మే కదా" అంటూ గడ్డం పట్టుకుని మొహం తెర వైపు తిప్పుతున్నాడు. ఇంటర్వెల్లో ఉండబట్టలేక అడిగేశాను. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరూ లేరండీ అనుంటే నోరు మూసుకునేదాన్నే. "ధైర్యం రావాలి కదండీ" అన్నాడు! మా ఆయన వెంటనే నా చెయ్యి నొక్కారు. ఎందుకు నొక్కుతారో మీకు తెలుసు. గేటు దగ్గర టికెట్లు చూసే కుర్రాడు ఆ పాపని నవ్విద్దామని తెగ ప్రయత్నించాడు గానీ, పద్దెనిమిది నిండనివాళ్ళకి ప్రవేశం లేదన్న బోర్డు తన నెత్తి మీదే ఉందని మాత్రం గుర్తు రాలేదు.

2024లో సెన్సార్ నిబంధనలు మార్చి, పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏని 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు ముక్కలు చేశారు. బానే ఉంది. కానీ అవి అమ్మానాన్నలకి చెప్పే సలహాలే. గేటు దగ్గర ఆపడానికి ఉన్నది ఒక్క 'ఎ'నే, దాన్నీ ఎవరూ పట్టించుకోరు.

ఇంటికొచ్చాక, అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 1969 జనవరిలో షికాగో సన్-టైమ్స్ పత్రికలో, శవాలు లేచొచ్చే 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' సినిమా గురించి రాసింది మళ్ళీ తీసి చదివాను. అందులో సినిమా తక్కువ, హాలు ఎక్కువ. మధ్యాహ్నం ఆట, హాలు నిండా పిల్లలు. మొదట్లో కేకలు, ఈలలు, నవ్వులు. చివరికొచ్చేసరికి చప్పుడు లేదు. తొమ్మిదేళ్ళ పాప ఒకతె కదలకుండా కూర్చుని ఏడుస్తోందిట. అమెరికాలో వయసు రేటింగులు మొదలైంది 1968 నవంబరులో, ఈ సినిమా అక్టోబరులోనే వచ్చేసింది. అందుకని దాని మీద ఏ ముద్రా లేదు. ఇంకా తమాషా ఏంటంటే, పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీది కాపీరైట్ ముక్క ఎగిరిపోయింది, దాంతో సినిమాకి హక్కుదారే లేకుండా పోయాడు. ఇప్పుడు ఏ వయసువాడైనా ఫోన్లో ఊరికే చూసుకోవచ్చు.

ఆ పెద్దమనిషిని ఇంకో రెండు పేరాలు ఉతుకుదామనే కూర్చున్నాను. ఇంతలో రామ్ గోపాల్ వర్మ తీసిన దెయ్యం సినిమా 'రాత్రి' గుర్తొచ్చింది.

నేనది చూసినప్పుడు రెండో తరగతి సెలవులు. తెనాలిలో తాతయ్య వాళ్ళిల్లు, అద్దెకి తెచ్చిన వీసీఆర్, పెద్దవాళ్ళంతా పెళ్ళికెళ్ళారు. నేనూ పిన్నీ. అందులో తండ్రి కారు వెనక్కి తీస్తుంటే పిల్లికూన చక్రం కింద పడి చచ్చిపోతుంది, పిల్లాడికి తెలియకుండా దాచేస్తారు. తర్వాత అచ్చం అలాంటి కూనే మళ్ళీ ఇంట్లో కనబడుతుంది. రక్తం లేదు, కోరలు లేవు, పాలు తాగే పిల్లికూన. ఆ సెలవులు అయ్యేదాకా తాతయ్య వాళ్ళ పిల్లిని వంటింటి గడప తొక్కనివ్వలేదు నేను. పాలకోసం అరుస్తుంటే అమ్మమ్మ నన్ను తిట్టేది. నేను కళ్ళు మూసుకుంటుంటే పిన్ని చెప్పింది: "కళ్ళు కాదే, చెవులు మూసుకో." మూసుకుంటే ఏముందీ, ఖాళీ ఇంట్లో కెమెరా నేలబారున పోతోంది, అంతే. చేతులు తీస్తే మళ్ళీ ఆ సంగీతం, మళ్ళీ ఒళ్ళు జలదరింపు. అది మణిశర్మ నేపథ్య సంగీతమని ఎంతో కాలానికి గానీ తెలియలేదు. ఇవాళ్టికీ దెయ్యాల సినిమా చూస్తుంటే ముందు నా చెవులే పనిచేస్తాయి. హారర్ గురించి నాకు తెలిసిన మొదటి ముక్క ఆ మంచం మీద నేర్చుకున్నదే.

మరి ఇప్పుడు ఆయన్ని ఏ మొహం పెట్టుకుని అనాలి? పిన్ని నా గడ్డం పట్టుకుని తిప్పలేదు, అది నిజమే. చెవులు మూసుకునే వీలు నాకు ఉంచింది. కానీ డిగ్రీ చదువుతున్న పిన్ని నన్నెందుకు కూర్చోబెట్టింది? ఒక్కతీ చూడలేక. నాకంటే తనే ఎక్కువ వణికింది, దుప్పట్లో నా కాలు వదల్లేదు. ముందు వరస ఆయనకీ ఒంటరిగా చూసే ధైర్యం లేక పాపని తెచ్చుకున్నాడేమో! క్లైమాక్స్‌లో ఆ గడ్డం పట్టుకున్న చెయ్యి కాస్తా పాపని గట్టిగా వాటేసుకుంది, నేను చూశాను. అయినా సరే, తప్పు తప్పే. పిన్నిదీ తప్పే.

సినిమా బాగుంది, ఆ మాట చెప్పనేలేదు. పేరున్న నటులు లేరు, డబ్బూ లేనట్టే ఉంది, ఉన్నదంతా ఒక పాత పెంకుటింట్లోనే తీసేశారు. సగం చీకట్లో దెయ్యం ఎక్కడుందో చివరిదాకా చూపించరు. స్టార్లు ఎన్నని అడక్కండి, ఇవ్వను. ఇంటర్వెల్ అయ్యాక బావి గిలక తిరగడం మొదలవుతుంది, అప్పుడు చెవులు మూసుకోండి అని మాత్రం సమీక్షలో రాస్తున్నాను. స్పాయిలర్ అని తిడతారు. తిట్టుకోండి.