నాలుకతో చెక్కిన ముఖం

స్త్రీ శరీరంతో వేసిన బొమ్మలంటే చాలామంది ముందుగా ఫ్రెంచ్ చిత్రకారుడు ఈవ్ క్లైన్ పేరే చెబుతారు. 1960లో ప్యారిస్‌లో ఆయన సూటు వేసుకుని చెబుతుంటే, మోడళ్లు ఒంటికి నీలిరంగు పూసుకుని కాగితం మీద ముద్రలు వేశారు. కుంచెలు ఆ అమ్మాయిలు, సంతకం ఆయనది. బహామాస్‌లో పుట్టిన కళాకారిణి జనీన్ ఆంటొనీ మీద నాకున్న గౌరవమంతా ఆ లెక్కను తిరగేసినందుకే. 1993లో లండన్‌లో 'లవింగ్ కేర్' అనే ప్రదర్శనలో ఆవిడ తన జుట్టును బకెట్లోని నల్ల హెయిర్ డైలో ముంచి, మోకాళ్ల మీద పాకుతూ గ్యాలరీ నేలంతా తుడిచింది. నేల నల్లబడేకొద్దీ చూసేవాళ్లు వెనక్కి జరగాల్సి వచ్చింది. (ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే ఒక మాట: నల్ల డైలు చాలావాటిలో అలర్జీ తెచ్చే పీపీడీ అనే రసాయనం ఉంటుంది. చెవి వెనక రాసి 48 గంటలు ఆగి చూడనిదే ముట్టుకోవద్దు.)

అదే ఏడాది చేసిన 'లిక్ అండ్ లాథర్' (నాకడం, నురగ) ఇంకా గొప్ప పని. తన తల, భుజాల ప్రతిరూపాలు 7 చాక్లెట్‌తో, 7 సబ్బుతో పోసింది. చాక్లెట్ వాటిని నాకింది, సబ్బు వాటితో స్నానం చేసింది.

అచ్చు నేరుగా ఒంటి మీంచే, ఆల్జినేట్‌తో తీసింది. పళ్ల డాక్టరు కొలత కోసం నోట్లో పెట్టే పేస్టు అదే. చర్మం మీది సన్నగీత కూడా వదలదు. ఈ పనిలో నీళ్ల వేడే కీలకం. గోరువెచ్చని నీళ్లతో కలిపితే నుదుటి నుంచి చెవుల దాకా పూసేలోపే గడ్డకడుతుంది, చల్లటి నీళ్లైతే టైం దొరుకుతుంది. కనుబొమలకు, రెప్పలకు వాజలీన్ దట్టంగా పట్టించాలి. ముక్కులో స్ట్రాలు పెడితే ముక్కు ఆకారమే మారిపోతుంది. రంధ్రాల చుట్టూ వేలితో పూసి, ఒకరు అక్కడే కళ్లప్పగించి కూర్చోవడం మేలు. పైన రెండు మూడు పొరల పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) బ్యాండేజ్ వేయకపోతే తీయగానే అచ్చు వాలిపోతుంది. మరీ మందంగా వేసినా ప్రమాదమే, పీఓపీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది.

అచ్చు తీసిన గంటలోపే పోత పోయాలి. ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీరే కాబట్టి, ఆరేకొద్దీ కుంచించుకుపోయి ముఖం వంకర తిరుగుతుంది. పైగా ఒక్క పోతకే చిరుగుతుంది. ఒకే ముఖం చాలాసార్లు కావాలంటే మొదటి పోత మీంచి రబ్బరు అచ్చు తీసుకోవడమే దారి.

చాక్లెట్ ఎందుకంటే, కోకో బట్టర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నాలుక అంతకన్నా వెచ్చన, అందుకే ఉలి అక్కర్లేదు. డార్క్ చాక్లెట్‌ను కరిగించి, 28 డిగ్రీలకు దించి, మళ్లీ 31కి తెచ్చి పోయాలి. ఆ వరస తప్పితే కొద్ది రోజుల్లో బుగ్గల మీద తెల్లటి మచ్చలు తేలతాయి. మన వేసవిలో ఏసీ లేని గదిలో ఈ పని తలపెట్టవద్దు.

చూసేవాళ్లను కలవరపెట్టేది ఇక్కడ నగ్నత్వం కాదు. తల్లి బిడ్డను కడిగినంత మెత్తగా ఒక స్త్రీ తన ముఖాన్ని తానే చెరిపేసుకుంటోంది. సబ్బు బొమ్మలో ఉబ్బెత్తుగా ఉన్నవే ముందు అరుగుతాయి: ముక్కు కొన, పెదవుల అంచు, గడ్డం. కంటి గుంటల్లోకి చెయ్యి అంతగా పోదు. ముఖమంతా నున్నబడి కడుపులో పిండంలా అయ్యాక కూడా ఆ గుంటలు అక్కడే ఉంటాయి.