ముప్పావు గంట ప్రయాణమని బయల్దేరితే

చెల్లెలి సీమంతానికి కర్నూలు నుంచి వైజాగ్ పోవాలి. రోడ్డు మీద 700 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాత్రంతా బస్సులో కూర్చుంటే అమ్మ మోకాళ్లు వారం దాకా కోలుకోవు. మా కర్నూలు పక్కనే ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైందిగానీ, ఆ తర్వాత ఏడాదికిగానీ మేం అటు తొంగిచూడలేదు.

ముందు రోజు రాత్రి నెట్‌లో దూరం కొట్టి చూశా. గాల్లో దాదాపు 580 కిలోమీటర్లు, ముప్పావు గంట అని చూపించింది. అదే అమ్మకు చెప్పేశా. టికెట్ తీస్తే దాంట్లో రెండు గంటలకు దగ్గర దగ్గరగా ఉంది! టైమ్ తప్పు పడిందేమోనని టెన్షన్. తప్పేం లేదు. నెట్‌లోని లెక్క గంటకు 800 కిలోమీటర్లు పోయే పెద్ద జెట్‌ది, అదీ గీత గీసినట్టు తిన్నగా పోతే. మన రన్‌వే చిన్నది, 2,000 మీటర్లే. ఇక్కడికి వచ్చేది రెక్కలకు ఫ్యాన్లున్న ఏటీఆర్ అనే చిన్న విమానం. అది గంటకు 500 కిలోమీటర్లు పోతే గొప్ప. పైగా టికెట్ మీది టైమ్‌లో రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, ఆలస్యమైతే సర్దుకోవడానికి కాస్త ఎక్కువ వేసుకోవడం అన్నీ కలిసి ఉంటాయి.

ఎనిమిదింటికి ఆటోలో నంద్యాల రోడ్డు పట్టాం. ఊరి నుంచి 20 కిలోమీటర్లు. కౌంటర్ గంట ముందే మూసేస్తారని తెలుసుగనక తొందరపడ్డాం. అక్కడ ఎక్స్‌రే మిషన్ దగ్గర మా సంచి ఆగింది.

"ఎండు కొబ్బరి ఉందా అమ్మా?"

ఒడి నింపడానికని అమ్మ తెచ్చిన కొబ్బరి గిన్నెలు, బియ్యం కింద, పసుపుకొమ్ముల పక్కన. దాంట్లో నూనె ఎక్కువ, వేడెక్కి అంటుకునే సరుకంట, లగేజీలోనూ వద్దన్నారు, చేతి సంచిలోనూ వద్దన్నారు. ఖర్జూరాలకు, బియ్యానికి అడ్డం లేదు. అమ్మ గిన్నెలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతూ, "ఒడికి కొబ్బరి లేకుంటే ఎట్లరా" అని నా మీదే గుర్రుమంది. ఈ సంగతి ముందే చూసుకోవాల్సింది నేనే. లగేజీకి 15 కిలోల లెక్క చూసుకున్నాగానీ ఇది చూడలేదు.

విమానం దగ్గరికి నడిచే పోయాం. తోక వైపు నుంచి నాలుగు మెట్లు ఎక్కితే లోపలే, అమ్మ మోకాళ్లకు అదొక్కటి కలిసొచ్చింది. అటు రెండు, ఇటు రెండు సీట్లు. రెక్క కిటికీకి పైన ఉంటుంది గనక కిందికి అంతా కనబడుతుంది. కాసేపటికి అడవి, దాని నడుమ మెలికలు తిరిగిన నీళ్లు. నల్లమలే. అమ్మ శ్రీశైలం అనుకొని కళ్లు మూసుకొని దండం పెట్టింది. నేనూ పెట్టాను, కాదని చెప్పడానికి నా దగ్గర మ్యాప్ ఏం లేదు.

వైజాగ్‌లో దిగి, సంచి తీసుకొని, గాజువాక వైపు కారు మాట్లాడుకున్నాం. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆపించింది అమ్మ. అరకిలో కొబ్బరి గిన్నెలు, బేరమాడి మరీ. ఇంటి గుమ్మంలో వాచీ చూస్తే ఒకటిన్నర. ఇల్లు విడిచి ఐదున్నర గంటలు.

"ముప్పావు గంటన్నావు కదరా" అంది అమ్మ, చెప్పులు విడుస్తూ.