డిస్క్ లేని సర్వర్: నెట్‌వర్క్ బూట్ పని ఇక్కడిదాకా వచ్చింది

కావలసింది ఇది: సర్వర్‌లో హార్డ్ డిస్క్ గానీ ఎస్ఎస్‌డీ గానీ ఉండకూడదు. పవర్ బటన్ నొక్కగానే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), రూట్ ఫైల్ సిస్టమ్ (దాని ఫైళ్లన్నీ ఉండే చోటు) రెండూ నెట్‌వర్క్ మీంచే రావాలి. ఫైళ్లిచ్చే యంత్రంలో డెబియన్ లినక్స్, అడ్రస్ 192.168.10.5. ఐపీ అడ్రస్‌లు పంచే పని (డీహెచ్‌సీపీ) ఎప్పటిలాగే రౌటర్‌దే.

ఒక్క బూట్‌లో అడ్రస్ మూడుసార్లు అడుగుతారు. మొదట నెట్‌వర్క్ కార్డులోని పీఎక్స్ఈ (నెట్‌వర్క్ మీంచి బూట్ చేయించే చిన్న ప్రోగ్రామ్), తర్వాత ఐపీఎక్స్ఈ (అదే పనిని ఇంకా బాగా చేసే, మనం పంపే ప్రోగ్రామ్), ఆపైన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు రూట్ అందేదాకా కెర్నల్ మెమరీలో వాడుకునే చిన్న ఫైల్ సిస్టమ్; దాని ఫైలే ఇనిట్‌ఆర్‌డీ). నాలుగోసారి అడగడానికి ఇంకొకరు వస్తారు, వాళ్లని అడగనివ్వకూడదు. ఆ సంగతి కింద ఉంది. ఈ పనిలో పోయే సమయమంతా, ఇప్పుడు అడుగుతున్నది ఎవరో తేల్చుకోకుండా సెట్టింగులు మార్చడం వల్లే పోతుంది.

మొదటి మెట్టు: పీఎక్స్ఈకి జవాబు

చాలా రౌటర్లలో బూట్ సర్వర్ పేరు, బూట్ ఫైలు పేరు చెప్పే 66, 67 ఆప్షన్లు పెట్టడానికి చోటుండదు. అలాగని రెండో డీహెచ్‌సీపీ సర్వర్ పెడితే రెండూ పోటీపడి అడ్రస్‌లు ఇస్తాయి. అందుకే డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ ప్రోగ్రామ్‌ని ప్రాక్సీ పద్ధతిలో పెట్టాలి: రౌటర్ అడ్రస్ ఇస్తుంది, ఇది బూట్ ఫైలు పేరు మాత్రం చెబుతుంది. డీహెచ్‌సీపీ రేంజ్ వరుసలో 192.168.10.0 రాసి, కామా పెట్టి, ప్రాక్సీ అని రాస్తే చాలు. పోర్టు విలువ 0 చేస్తే దాని డీఎన్ఎస్ పని (పేర్లకి అడ్రస్‌లు చెప్పడం) ఆగుతుంది, 53వ పోర్టు కోసం వేరే సర్వీసుతో తగాదా ఉండదు. డీహెచ్‌సీపీ లాగ్ మొదటి రోజే ఆన్ చేయండి. అది లేకపోతే గుడ్డిగా తడుముకోవడమే.

ఫైర్‌వాల్‌లో యూడీపీ 67, 69, 4011 తెరవాలి. టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపే సాదా పద్ధతి) అభ్యర్థన 69కి వస్తుంది గానీ డేటా వేరే పోర్టు నుంచి వెళుతుంది. కాబట్టి రెండు యంత్రాల మధ్య వేరే ఫైర్‌వాల్ ఉంటే 69 ఒక్కటి తెరిస్తే సరిపోదు.

బూటయ్యే యంత్రం తెర మీద ఈ51 అనే ఎర్రర్ వస్తే ఏ ఆఫరూ అందలేదని. ఈ53 వస్తే అడ్రస్ అందింది గానీ ఫైలు పేరు అందలేదు, అంటే ప్రాక్సీ జవాబు దారిలో పోయింది. ఈ32 వస్తే పేరు తెలిసింది, టీఎఫ్‌టీపీ పలకడం లేదు.

ఈ51 విషయంలో స్విచ్‌ని అనుమానించడం చాలామందికి తట్టదు. స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్‌లు పడకుండా చూసే పద్ధతి) ఉన్న స్విచ్‌లో కేబుల్ లింక్ లేచాక పోర్టు 15 సెకన్లు వినడంలో, 15 సెకన్లు నేర్చుకోవడంలో గడుపుతుంది. ఆ 30 సెకన్లూ ప్యాకెట్లు దాటవు. పీఎక్స్ఈ 4, 8, 16, 32 సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ అడుగుతుంది కాబట్టి ఒక్కోసారి గట్టెక్కుతుంది. కానీ ఐపీఎక్స్ఈ, ఆ తర్వాత కెర్నల్ కార్డుని మళ్లీ మొదటి నుంచి లేపితే లింక్ పడి లేస్తుంది, ఆ నిరీక్షణ మళ్లీ మొదలు. ఒకసారి బూటై ఇంకోసారి అవకపోవడానికి కారణం తరచూ ఇదే. ఆ పోర్టుని స్విచ్‌లో ఎడ్జ్ పోర్టుగా (ఈ నిరీక్షణ లేకుండా వెంటనే ప్యాకెట్లు దాటనిచ్చేదిగా) మార్చగానే తీరుతుంది.

రెండో మెట్టు: ఐపీఎక్స్ఈ

పాత బయాస్‌కి అండీఓన్లీ.కేపీఎక్స్ఈ, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐకి ఐపీఎక్స్ఈ.ఈఎఫ్ఐ ఇవ్వాలి. ఎవరికేది అన్నది డీహెచ్‌సీపీ అభ్యర్థనలోని 93వ ఆప్షన్ చెబుతుంది: 0 అంటే బయాస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్ఐ. కొన్ని యంత్రాలు 9 పంపుతాయి, దాన్నీ చేర్చాలి. మామూలుగా బిల్డ్ చేసుకున్న ఐపీఎక్స్ఈకి సంతకం ఉండదు కాబట్టి సెక్యూర్ బూట్ (సంతకం లేనిదాన్ని నడవనివ్వని సెట్టింగు) ఆపాలి.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ఐపీఎక్స్ఈ లేచి మళ్లీ డీహెచ్‌సీపీ అడుగుతుంది, డీఎన్ఎస్‌మాస్క్ మళ్లీ అదే ఐపీఎక్స్ఈ ఫైలు చేతిలో పెడుతుంది, అలా గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఐపీఎక్స్ఈ తన అభ్యర్థనలో 175వ ఆప్షన్ పంపుతుంది. అది కనిపిస్తే ఒక ట్యాగ్ తగిలించి, ఆ ట్యాగ్ ఉన్నవాళ్లకి హెచ్‌టీటీపీ మీద స్క్రిప్ట్ చిరునామా ఇవ్వాలి.

హెచ్‌టీటీపీయే ఎందుకంటే, టీఎఫ్‌టీపీ ఒక బ్లాక్ పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా రెండోది పంపదు. మామూలు బ్లాక్ 512 బైట్లు. రానూపోనూ 1 మిల్లీసెకను పడితే 60 ఎంబీ ఇనిట్‌ఆర్‌డీకి దాదాపు 2 నిమిషాలు. బ్లాక్ 1468కి పెంచినా 40 సెకన్లు దాటుతుంది. గిగాబిట్ లైన్‌లో హెచ్‌టీటీపీకి ఇది ఒకట్రెండు సెకన్ల పని.

డెబియన్ బదులు ఉబుంటు కెర్నల్ వాడితే దాని ఫైలు అనుమతి 0600 (రూట్ యూజర్ మాత్రమే చదవగలిగేది) ఉంటుంది. వెబ్ సర్వర్ దాన్ని చదవలేక 403 ఇస్తుంది, 0644 చేయాలి. యూఈఎఫ్ఐలో కెర్నల్ వరుసలో ఇనిట్‌ఆర్‌డీ పేరు కూడా రాయండి. కొన్ని వెర్షన్లలో అది లేకపోతే కెర్నల్‌కి ఇనిట్‌ఆర్‌డీ కనిపించదు.

మూడో మెట్టు: ఎన్ఎఫ్ఎస్ రూట్

డీబూట్‌స్ట్రాప్ అనే పనిముట్టుతో ఒక ఫోల్డర్‌లో డెబియన్ దించి, దాన్ని ఎన్ఎఫ్ఎస్ (ఫోల్డర్లని నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి) మీద ఆ ఒక్క క్లయింట్ (డిస్క్ లేని సర్వర్) అడ్రస్‌కే ఎక్స్‌పోర్ట్ చేయాలి. నో రూట్ స్క్వాష్ (క్లయింట్‌లోని రూట్ యూజర్‌ని ఇక్కడా రూట్‌గానే ఉంచే ఆప్షన్) తప్పనిసరి. మరిస్తే క్లయింట్‌లోని రూట్ కాస్తా అనామకుడైపోయి, సర్వీసులన్నీ వార్ (/var) ఫోల్డర్‌లో రాయలేక వరసగా పడిపోతాయి. ఈ ఆప్షన్ ఉన్న ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మొత్తానికీ తెరవడం ప్రమాదం.

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగుల్లో బూట్ విలువ ఎన్ఎఫ్ఎస్, మాడ్యూల్స్ విలువ నెట్‌బూట్. మాడ్యూల్స్‌ని డెప్ అని ఉంచితే, ఇనిట్‌ఆర్‌డీని ఏ యంత్రంలో కట్టామో దానికి కావలసిన డ్రైవర్లే ఎక్కుతాయి, బూటయ్యే యంత్రం కార్డు కనిపించదు. కార్డుకి ఫర్మ్‌వేర్ కావాలంటే ఆ ప్యాకేజీ ముందు పెట్టి, తర్వాతే ఇనిట్‌ఆర్‌డీ కట్టాలి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ వాడే కేలిబ్‌సీ వారి మౌంట్ పనిముట్టుకి ఎన్ఎఫ్ఎస్ 4 రాదు కాబట్టి, ఫైళ్లిచ్చే యంత్రంలో 3వ వెర్షన్ ఆన్‌లో ఉండాలి.

రెండు కార్డులున్న క్లయింట్‌లో కేబుల్ లేని కార్డు మీద అడుగుతూ కూర్చునే ప్రమాదం ఉంది. కెర్నల్ వరుసలో బూట్‌ఇఫ్ అనే పారామీటర్‌లో 01 రాసి, హైఫన్‌తో మ్యాక్ అడ్రస్ కలిపితే సరైన కార్డునే పట్టుకుంటుంది.

ఇక ఆ నాలుగోవారు: రూట్ మౌంట్ అయ్యాక లేచే నెట్‌వర్క్ సర్వీసు. అది కార్డుని ఒక్కసారి దించి మళ్లీ లేపబోతుంది. దించిన క్షణమే రూట్ ఫైల్ సిస్టమ్ తెగిపోతుంది. మళ్లీ లేపే ప్రోగ్రామూ ఆ తెగిన చోటే ఉంది. ఎన్ఎఫ్ఎస్ సర్వర్ పలకడం లేదన్న ఒక్క వరుస దగ్గర యంత్రం గడ్డకడుతుంది. ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఆ కార్డుని మాన్యువల్ అని రాస్తే సర్వీసు దాని జోలికి పోదు.

ఇప్పుడు లాగిన్ దాకా వస్తోంది. మిగిలిన చిక్కు కెర్నల్ అప్‌డేట్: క్లయింట్‌లో అప్‌గ్రేడ్ చేస్తే కొత్త కెర్నల్ ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్‌లోకే వెళుతుంది, హెచ్‌టీటీపీ పాత కాపీనే ఇస్తుంది. పాత మాడ్యూళ్లు తీసేశాక ఆ పాత కెర్నల్‌కి ఒక్క డ్రైవరూ దొరకదు. కాపీ మానేసి, ఎన్ఎఫ్ఎస్‌లోని బూట్ ఫోల్డర్‌కే వెబ్ సర్వర్ నుంచి సింబాలిక్ లింక్ ఇవ్వడం తర్వాతి పని.